తొమ్మిదో ఎక్కం నోట్లు: నే విన్ బర్మాలో వింత ఎంత, విధానం ఎంత?

1987 సెప్టెంబరు 5, శనివారం నాడు బర్మా ప్రభుత్వ రేడియో ఒక ప్రకటన చదివింది. ఆ క్షణం నుంచి 25, 35, 75 క్యాట్ల నోట్లు చెల్లవన్నది దాని సారాంశం. మార్చుకోవడానికి గడువు లేదు, బ్యాంకు ముందు వరుసలో నిలబడే అవకాశం లేదు, పోయిన డబ్బుకు పరిహారం లేదు. దేశంలో చలామణిలో ఉన్న డబ్బులో 60 నుంచి 80 శాతం దాకా ఆ ఒక్క ప్రకటనతో చిత్తుకాగితమైందని అంచనా. చెల్లుబాటులో మిగిలినవి 1, 5, 10, 15 క్యాట్ల నోట్లు మాత్రమే. సెప్టెంబరు 22న రెండు కొత్త నోట్లు వచ్చాయి: ఒకటి 45 క్యాట్లది, రెండోది 90 క్యాట్లది. రెండూ తొమ్మిదో ఎక్కంలో వచ్చే సంఖ్యలే. నాలుగూ ఐదూ కలిపినా తొమ్మిదే, తొమ్మిదికి సున్న కలిపినా తొమ్మిదే. పాలకుడైన జనరల్ నే విన్‌కు తొమ్మిది కలిసివచ్చే అంకె అన్న మాట రంగూన్‌లో అప్పటికే చాలాకాలంగా వినిపిస్తున్నందువల్ల, ఆ నోట్లకు వేరే వివరణ వెతకాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

జ్యోతిష్కుడి మాట విని దేశం డబ్బును రద్దు చేసిన నియంతగానే నే విన్ ప్రపంచానికి గుర్తుండిపోయాడు. ఆ కథలో నిజం ఉంది, కానీ అది సగం కథ. కొత్త నోటు మీద ఏ సంఖ్య అచ్చువేయాలన్నది తొమ్మిది మీది నమ్మకం తేల్చి ఉండవచ్చు; పాత నోట్లను రద్దు చేయాలన్న ఆలోచనకు మాత్రం అప్పటికే ఇరవై మూడేళ్ల చరిత్ర ఉంది. వింతగా కనిపించే నిర్ణయాలనూ, వాటి వెనక ఉన్న మామూలు లెక్కలనూ, ఆధారం దొరకని వదంతులనూ విడివిడిగా పెట్టి చూస్తే తప్ప, ఆసియాలో బియ్యం ఎగుమతికి పేరుపడ్డ దేశం పాతికేళ్లలో అంత పేదరికంలోకి ఎలా జారిందో అర్థం కాదు. మన తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో ఆ పతనంలో సర్వస్వం పోగొట్టుకున్నాయి కాబట్టి, ఈ చరిత్ర మనకు పరాయిది కూడా కాదు.

నే విన్ అసలు పేరు షు మాంగ్. రంగూన్‌లో కాలేజీ చదువు మధ్యలో ఆపేసి తపాలా శాఖలో గుమాస్తాగా పనిచేసిన ఆ యువకుడు, 1941లో స్వాతంత్ర్యోద్యమ నాయకుడు ఆంగ్ సాన్‌తో పాటు జపాన్ సైన్యం దగ్గర రహస్యంగా శిక్షణ పొందిన ‘ముప్పైమంది సహచరుల’లో ఒకడయ్యాడు. సూర్యతేజం అన్న అర్థం వచ్చే ‘నే విన్’ అప్పుడు పెట్టుకున్న మారుపేరు. 1947లో ఆంగ్ సాన్ హత్యకు గురికాగా, మరుసటి ఏడాది స్వాతంత్ర్యంతో పాటే దేశంలో అంతర్యుద్ధమూ మొదలైంది. 1949లో సైన్యాధిపత్యం నే విన్ చేతికి వచ్చింది. 1958లో ‘ఊ ను’ అనే పేరుగల ప్రధాని ఆహ్వానం మీద తాత్కాలిక ప్రభుత్వం నడిపి, ఎన్నికలు జరిపించి, 1960లో అధికారం తిరిగి అప్పగించాడు. అందువల్ల 1962 మార్చి 2న నే విన్ సైనిక తిరుగుబాటుతో ట్యాంకులు రంగూన్ వీధుల్లోకి వచ్చినప్పుడు, ఇది కూడా కొన్ని నెలల వ్యవహారమేనని చాలామంది అనుకున్నారు.

ఆ భ్రమ జూలై 7తో తొలగిపోయింది. ఆనాడు రంగూన్ విశ్వవిద్యాలయంలో నిరసన తెలిపిన విద్యార్థుల మీద సైన్యం కాల్పులు జరిపి పలువురిని చంపింది. మర్నాడు తెల్లవారుజామున విద్యార్థి సంఘ భవనాన్ని డైనమైట్‌తో పేల్చివేసింది. ఆంగ్ సాన్ తరం రాజకీయాలు నేర్చుకున్న భవనం అది. కత్తికి కత్తి, ఈటెకు ఈటె అంటూ నే విన్ రేడియోలో హెచ్చరించాడు. ఇరవై ఆరేళ్ల తరువాత పదవి దిగిపోతూ, ఆ భవనం కూల్చివేతతో తనకు సంబంధం లేదనీ, అది అప్పటి తన సహచరుడు ఆంగ్ జీ పని అనీ చెప్పుకున్నాడు. నిర్ణయం తీసుకున్నప్పుడు కారణం చెప్పకపోవడం, ఫలితం వికటించినప్పుడు మరొకరి మీద వేయడం ఆ పాలనలో మొదటినుంచి చివరిదాకా కనిపిస్తాయి. నా దృష్టిలో తొమ్మిది మీది నమ్మకం కన్నా నే విన్‌ను ఎక్కువగా పట్టి ఇచ్చే లక్షణం ఇదే.

1962 ఏప్రిల్ 30న నే విన్ సైనిక ప్రభుత్వమైన విప్లవ మండలి ‘సోషలిజానికి బర్మా మార్గం’ అన్న విధాన పత్రాన్ని ప్రకటించింది. జూలైలో బర్మా సోషలిస్టు కార్యక్రమ పార్టీ పుట్టింది, తరువాత మిగతా పార్టీలన్నీ నిషేధానికి గురయ్యాయి. మార్క్సు సిద్ధాంతాన్ని బౌద్ధ పరిభాషతో కలిపి మనిషికీ పరిసరాలకూ ఉన్న సంబంధాన్ని వివరిస్తానన్న మరో గ్రంథం 1963లో పార్టీ తాత్విక పునాదిగా వెలువడింది. గుర్రప్పందాలు, అందాల పోటీలు, సంగీత నృత్య పోటీలు నిషిద్ధమయ్యాయి. ఫోర్డ్, ఏషియా ఫౌండేషన్లు దేశం వదలవలసి వచ్చింది. పర్యాటకుల వీసా 24 గంటలకు కుదించుకుపోయి, 1970లో ఏడు రోజులకు పెరిగింది. 1962లోనే వచ్చిన ముద్రణ చట్టంతో అచ్చయ్యే ప్రతిదీ ప్రభుత్వ పరిశీలనకు వెళ్లవలసిన స్థితి ఏర్పడగా, 1960ల మధ్యకల్లా ప్రైవేటు దినపత్రికలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి లేదా ప్రభుత్వ పరమయ్యాయి. ఇది గుర్తుపెట్టుకోవలసిన సంగతి. వార్త అన్నది ప్రభుత్వ రేడియోలో తప్ప మరెక్కడా లేని చోట, ఆ రేడియో కారణం చెప్పకుండా ఆజ్ఞ మాత్రమే చదివే చోట, కారణాలు టీ దుకాణాల్లో పుట్టుకొస్తాయి. నే విన్ గురించి మనం వినే వింతల్లో చాలా భాగం అలా పుట్టినవే.

ఆర్థిక విధానంలో మొదటి పెద్ద దెబ్బ జాతీయకరణ. 1963 ఫిబ్రవరిలో బ్యాంకులు, ఆ తరువాత బియ్యం వ్యాపారం, ఎగుమతులు, దిగుమతులు, 1964 మార్చి 19న రంగూన్‌లోని టోకు, చిల్లర దుకాణాలు వరుసగా ప్రభుత్వం చేతిలోకి వెళ్లాయి. సైనికులు దుకాణం తలుపు దగ్గర నిలబడి సరుకు జాబితా రాసుకుంటుంటే, యజమాని తన దుకాణంలో తానే పరాయివాడైపోయాడు. అదే ఏడాది మే 17న 50, 100 క్యాట్ల నోట్ల రద్దు ప్రకటన వచ్చింది. అది మొదటి రద్దు. అప్పటికి తొమ్మిది ప్రసక్తి ఎక్కడా లేదు. దుకాణాలు పోయినవాళ్ల దగ్గర మిగిలిన నగదును కూడా పట్టుకోవడమే దాని పని; దెబ్బ ఎక్కువగా తగిలింది అప్పటిదాకా వ్యాపారం నడిపిన భారతీయ, చైనా సంతతి వాళ్లకు.

ఇక్కడ తెలుగువాళ్ల కథ చెప్పకుండా ముందుకు వెళ్లలేం. ఉత్తరాంధ్రలోనూ గోదావరి జిల్లాల్లోనూ పాతతరం వాళ్లు రంగూన్‌ను ‘రంగం’ అనేవారు. రంగం వెళ్లడమంటే సంపాదనకు సముద్రం దాటడం. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి వెళ్లినవాళ్లు కనుక బర్మాలో తెలుగువాళ్లకు ‘కోరంగీలు’ అన్న పేరే స్థిరపడింది. రేవులో మూటలు మోయడం, బియ్యపు మిల్లుల్లో పని, రిక్షా లాగడం వాళ్ల ప్రధాన జీవనాధారాలు. 1930 మే నెలలో రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టడంతో కంపెనీలు బర్మా కూలీలను దింపాయి. సమ్మె ముగిశాక వాళ్లను పంపేసి మళ్లీ తెలుగువాళ్లనే తీసుకున్నాయి. ఆ చిచ్చు రంగూన్ వీధుల్లో ఊచకోతగా మారి, ఎందరో తెలుగు కూలీల ప్రాణాలు తీసింది. 1942లో జపాన్ దాడి వచ్చినప్పుడు లక్షలమంది భారతీయులు కొండలూ అడవులూ దాటి కాలినడకన తిరిగొచ్చారు. దారిలో రాలిపోయినవాళ్లకు లెక్క లేదు. యుద్ధం ముగిశాక కూడా ఉన్నవాళ్లూ, తిరిగి వెళ్లినవాళ్లూ 1964 నాటికి అక్కడే పిల్లల్ని కని, అక్కడి భాష మాట్లాడుతూ బతుకుతున్నారు.

భారతీయుల మీద బర్మా ప్రజల్లో పేరుకుపోయిన కోపానికి కారణాలు లేకపోలేదు. బ్రిటిష్ పాలన బర్మాను 1937 దాకా భారతదేశంలో ఒక భాగంగా నడిపింది. 1930ల మాంద్యంలో ధాన్యం ధర పడిపోయి అప్పు తీర్చలేకపోయిన రైతుల భూమి తమిళ వడ్డీ వ్యాపారులైన చెట్టియార్ల చేతికి చేరి, ఆ దశాబ్దం చివరికి దిగువ బర్మాలోని ప్రధాన వరి జిల్లాల సాగుభూమిలో దాదాపు నాలుగో వంతు వాళ్లదైంది. కానీ 1964లో ఓడెక్కినవాళ్లలో ఎక్కువమంది వడ్డీ వ్యాపారులు కారు. చిన్న కొట్టు, కుట్టుమిషను, పాలవ్యాపారం, గుమాస్తా కొలువు మీద బతికినవాళ్లు. నాలుగైదేళ్లలో సుమారు 3 లక్షలమంది భారత సంతతివాళ్లు దేశం విడిచారని లెక్క. నగలు, నగదు రేవులోనే వదిలిపెట్టి, కట్టుబట్టలతో మద్రాసుకూ విశాఖపట్నానికీ చేరారు. వారిని మన ప్రభుత్వాలు బర్మా కాందిశీకులన్నాయి. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు ఆనాటి పేరుతోనే ఇప్పటికీ ఉంది. ఆ విధానాన్ని వింత అనడానికి నాకు మనసు ఒప్పదు. అది ఎవరి మీద ప్రయోగించాలో బాగా తెలిసి ప్రయోగించిన విధానం.

దుకాణాలు తీసుకున్న ప్రభుత్వానికి వాటిని నడిపే నేర్పు లేదు. ప్రజా దుకాణాలకు సరుకు ఎప్పుడొస్తుందో అధికారులకే తెలియని స్థితి వచ్చింది. ధాన్యాన్ని ప్రభుత్వం తాను నిర్ణయించిన తక్కువ ధరకు సేకరిస్తుంటే, రైతు పండించడమైనా తగ్గించాడు, పండినదాన్ని దాచడమైనా నేర్చుకున్నాడు. యుద్ధానికి ముందు ఏడాదికి సుమారు 30 లక్షల టన్నుల బియ్యం ఎగుమతి చేసిన దేశంలో 1960ల చివరికి అందులో ఐదో వంతు కూడా మిగలలేదు. 1967లో రంగూన్‌లోనే బియ్యం కరువొచ్చింది, అదే ఏడాది చైనా సంతతివాళ్ల మీద అల్లర్లు చెలరేగాయి. మందులు, బట్టలు, సైకిలు విడిభాగాలు మొదలుకొని సమస్తం థాయిలాండ్ సరిహద్దు నుంచి దొంగచాటుగా వచ్చేవి. ఆ దారుల మీద కాపలా ఉన్నది ప్రభుత్వంతో యుద్ధం చేస్తున్న కరెన్ సాయుధ దళాలు. దాటే సరుకు మీద అవి వసూలు చేసిన సుంకమే వాళ్ల యుద్ధానికి పెట్టుబడి అయింది. అంటే సోషలిజం పేరుతో మూసేసిన బజారు, ప్రభుత్వ శత్రువుల ఖజానా నింపే నల్లబజారుగా తిరిగి తెరుచుకుంది. ప్రభుత్వ జీతగాళ్లు, చివరికి సైనికాధికారుల కుటుంబాలు కూడా ఆ బజారులోనే కొనుక్కోక తప్పలేదు.

ఈ నేపథ్యంలో చూస్తే నోట్ల రద్దుకు ఒక తర్కం కనిపిస్తుంది. నల్లబజారు వ్యాపారులు పెద్ద నోట్లను మూటలు కట్టి దాచుకున్నారు కాబట్టి ఆ నోట్లనే చెల్లకుండా చేస్తే వాళ్ల నడుం విరుగుతుందనీ, ధరలు దిగుతాయనీ, సరిహద్దు తిరుగుబాటుదారుల దగ్గరున్న డబ్బు కూడా దండగవుతుందనీ ఆ తర్కం. 1985 నవంబరు 3న 20, 50, 100 క్యాట్ల నోట్లను రద్దు చేసినప్పుడు ప్రభుత్వం ఆశించింది ఇదే. అప్పుడు పరిమితంగానైనా మార్చుకునే వీలిచ్చారు. వారం తిరిగేసరికి 75 క్యాట్ల నోటు వచ్చింది. అది నే విన్ 75వ పుట్టినరోజుకు గుర్తు అన్నది ఎక్కువగా వినిపించే వివరణ. 1986 ఆగస్టులో 15, 35 క్యాట్ల నోట్లు జతకలిశాయి. వందలూ యాభైలూ పోయి డెబ్బై అయిదులూ ముప్పై అయిదులూ చేతికొచ్చిన బజారులో, ప్రతి కొనుగోలూ ఒక లెక్క అయిపోయింది. వంద క్యాట్ల సరుకుకు ఒక 75, ఒక 25 ఇవ్వాలి, లేదా రెండు 35లు, రెండు 15లు కలపాలి.

తర్కంలో లోపం ఎక్కడుందంటే, పెద్ద వ్యాపారి తన సంపదను క్యాట్లలో దాచుకోడు. బంగారం, రత్నాలు, థాయి బాత్, సరుకు నిల్వలు అతని బొక్కసం. 1964, 1985 రద్దులు చూసినవాడు పాఠం నేర్చుకోకుండా ఉండడు. క్యాట్లు ఇంట్లో పెట్టుకున్నవాళ్లు వేరే: అప్పుడే ధాన్యం అమ్ముకున్న రైతు, కూతురి పెళ్లికి కూడబెట్టిన ఇల్లాలు, హాస్టలు ఫీజు కట్టడానికి ఊరి నుంచి డబ్బు తెచ్చుకున్న విద్యార్థి. అందులోనూ 1987 రద్దు వచ్చిన వేళను గమనించాలి. ఆగస్టు 10న నే విన్ స్వయంగా ఆర్థిక విధానాల్లో లోపాలున్నాయని ఒప్పుకుని మార్పు అవసరమన్నాడు. సెప్టెంబరు 1న బియ్యం, పప్పుధాన్యాల వంటి వాటి వ్యాపారం మీద రెండు దశాబ్దాలుగా ఉన్న ఆంక్షలు ఎత్తేశారు. కొనుగోలు చేద్దామని చిన్న వ్యాపారులు నగదు సిద్ధం చేసుకున్నారు. సరిగ్గా నాలుగు రోజులకు ఆ నగదు చెల్లకుండా పోయింది. ధాన్యం ప్రైవేటు వ్యాపారుల చేతికి చిక్కకుండా చేయడమే ఉద్దేశమని కొందరు విశ్లేషకులు అన్నారు; అలాంటి పథకం లేకపోయినా, ఫలితం మాత్రం అదే.

మనకు 2016 నవంబరు 8 రాత్రి జ్ఞాపకం ఉంది కాబట్టి పోలిక సహజంగానే మనసులోకి వస్తుంది. అప్పుడు మన దగ్గర రద్దయిన 500, 1000 రూపాయల నోట్లు చలామణి విలువలో సుమారు 86 శాతం. కష్టాలు ఎన్ని పడ్డా డిసెంబరు 30 వరకు జమచేసుకునే గడువు ఉండటంతో 99 శాతానికి పైగా నోట్లు బ్యాంకులకు తిరిగి చేరాయి. 1987 బర్మాలో ఆ గడువే లేదు. అది నగదును మార్చడం కాదు, ప్రజల చేతిలోంచి లాగేసుకోవడం. ఈ తేడా తెలిస్తే గాని అక్కడి జనం కోపం లోతు అందదు.

ఇప్పుడు తొమ్మిది దగ్గరికి వద్దాం. బర్మా జ్యోతిషంలోనూ మనకున్నట్టే గ్రహాలు తొమ్మిది. బుద్ధుడి గుణాలను తొమ్మిదిగా చెబుతారు. ఆపద వచ్చిన ఇంట్లో నవదేవతల పూజ చేస్తారు. కనుక తొమ్మిదిని శుభంగా భావించడం నే విన్ ఒక్కడి వింత కాదు. దానితో పాటు ‘యదయా’ అనే ఆచారం ఒకటుంది. రాబోయే కీడును ముందే ఉత్తుత్తిగా జరిపించేసి, అసలు కీడును తప్పించుకోవడం దాని సూత్రం. కుజదోషం ఉందన్న అమ్మాయికి ముందు అరటిచెట్టుతో పెళ్లి జరిపించే మన ఆచారాన్ని తలుచుకుంటే ఇది సులువుగా అర్థమవుతుంది. నే విన్ రక్తపాతం గండం తప్పించుకోవడానికి అద్దం ముందు నిలబడి మాంసం ముద్దను తొక్కాడనీ, అద్దంలోని తన ప్రతిబింబాన్ని తానే కాల్చాడనీ కథలున్నాయి. చూసినవాళ్లు సాక్ష్యం చెప్పిన దాఖలా లేదు. అతడు తొంభై ఏళ్లు బతకడానికే తొంభై క్యాట్ల నోటు వేయించాడన్నది కూడా అలాంటి మాటే.

కుడివైపు ప్రయాణం సంగతీ అంతే. 1970 డిసెంబరు 6న బర్మాలో వాహనాలు రోడ్డుకు ఎడమవైపు నుంచి కుడివైపుకు మారాయి. దేశం కుడివైపుకు ఒరుగుతుందని, అంటే మితవాదుల తిరుగుబాటు వస్తుందని, ఒక జ్యోతిష్కుడు చెప్పగా, వాహనాలను కుడికి మళ్లించి ఆ జోస్యాన్ని రోడ్డు మీదే తీర్చేశాడన్నది ప్రసిద్ధ కథ. నే విన్‌కు వచ్చిన కల కారణమనీ, బ్రిటిష్ గుర్తులు చెరిపేయడం కారణమనీ మరి రెండు కథలున్నాయి. మూడో కథలో అసంభవం ఏమీ లేదు. వలస పాలన వదిలిన అలవాటును మార్చుకున్న దేశాలు ఇంకా ఉన్నాయి. వలస దేశం కాని స్వీడన్ కూడా 1967లో ఎడమ నుంచి కుడికి మారింది, కానీ ఏళ్ల తరబడి ప్రచారం చేసి, బస్సులు మార్చి, రోడ్లు సవరించి మారింది. బర్మాలో దిశ మారింది గాని వాహనాలు మారలేదు. కుడిచేతి స్టీరింగు ఉన్న పాత బండ్లూ, ఆ తరువాత దశాబ్దాల పాటు జపాన్ నుంచి వచ్చిన వాడిన కార్లూ రోడ్డుకు కుడివైపునే నడిచాయి. ముందున్న లారీని దాటాలంటే ఎదురుగా వచ్చేది డ్రైవరుకు కనిపించదు, పక్కన కూర్చున్నవాడు చూసి చెప్పాలి. బస్సు తలుపు కాలిబాట వైపు కాకుండా రోడ్డు మధ్యలోకి తెరుచుకునేది. నిర్ణయం ఏ కారణంతో పుట్టినా, దాని తరువాత రావలసిన మామూలు పరిపాలన పనిని ఎవరూ చేయకపోవడమే మనుషుల ప్రాణాల మీదికి తెచ్చింది.

జ్యోతిషమే ఈ పతనానికి కారణమనేవాళ్లకు నేను గుర్తుచేసేది ఊ ను పేరు. బర్మా స్వాతంత్ర్యానికి 1948 జనవరి 4 తెల్లవారుజామున 4 గంటల 20 నిమిషాలను ముహూర్తంగా పెట్టింది జ్యోతిష్కులు. ప్రధాని ఊ ను దేశశాంతి కోసం దేశమంతటా వేల ఇసుక గోపురాలు కట్టించాడు, నాట్ దేవతలకు మొక్కులు చెల్లించాడు. నే విన్‌కు ఉన్న నమ్మకాలన్నీ అతనికీ ఉన్నాయి. కానీ ఊ ను ప్రభుత్వంలో పార్లమెంటు ఉంది, ఎదురు ప్రశ్నించే పత్రిక ఉంది, తనను వ్యతిరేకించే చీలిక పార్టీ ఉంది. ఇసుక గోపురాలను విమర్శించినవాడు మర్నాడు జైల్లో లేడు. ఆ నమ్మకం ఇసుక దగ్గరే ఆగిపోయింది. అది ఎవరి పెట్టెలోని డబ్బునూ తాకలేకపోయింది.

నే విన్ చుట్టూ వద్దు అని చెప్పగలవాళ్లు ఒక్కొక్కరే తొలగిపోయారు. హడావుడి జాతీయకరణను వ్యతిరేకించిన ఆంగ్ జీ 1963 ఫిబ్రవరిలోనే రాజీనామా చేశాడు. జనాదరణ ఉన్న రక్షణమంత్రి తిన్ ఊ 1976లో పదవి కోల్పోయాడు. వారసుడిగా అందరూ భావించిన గూఢచారి విభాగాధిపతి తిన్ ఊ (పేరు ఒకటే అయినా ఇతను వేరు) 1983లో జైలుపాలయ్యాడు. 1974లో కొత్త రాజ్యాంగం వచ్చి ఏకపార్టీ పాలనకు చట్టరూపం ఇచ్చింది. 1981లో నే విన్ అధ్యక్ష పదవి వదిలాడు గాని పార్టీ అధ్యక్షుడిగా ఉంటూ అసలు పగ్గాలు తన దగ్గరే ఉంచుకున్నాడు. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా దేశానికి పేరు తెచ్చిన ఊ థాంట్ 1974లో మరణిస్తే, అధికార లాంఛనాలు దక్కనివ్వనంత పట్టుదల అతడిది. విద్యార్థులు ఆ శవపేటికను తమ చేతుల్లోకి తీసుకుని విశ్వవిద్యాలయానికి మోసుకుపోగా, సైన్యం దాడి చేసి స్వాధీనం చేసుకుంది. అలాంటి మనిషి ముందు కూర్చుని, ఈ రద్దు వల్ల నష్టపోయేది రైతే అని చెప్పే ఆర్థికవేత్త ఎవరుంటారు?

1987 రద్దు జరిగిన రోజునే రంగూన్ సాంకేతిక విద్యాసంస్థ విద్యార్థులు వీధిలోకి వచ్చారు. విద్యాసంస్థలు మూసి వాళ్లను ఊళ్లకు పంపేశారు. వాళ్లతో పాటే కోపం కూడా ఊళ్లకు చేరింది. డిసెంబరులో ఐక్యరాజ్యసమితి బర్మాను అత్యంత వెనకబడిన దేశాల జాబితాలో చేర్చింది. విదేశీ అప్పుల భారం తగ్గించుకోవడానికి ప్రభుత్వమే అడిగి తెచ్చుకున్న హోదా అది. ఒకప్పుడు ధాన్యాగారంగా పేరున్న దేశపు చదువుకున్నవాళ్లకు ఆ వార్త అవమానంగా తోచింది. 1988 మార్చి 12న ఒక టీ దుకాణంలో జరిగిన చిన్న తగవు పెరిగి, మర్నాడు పోలీసు కాల్పుల్లో ఫోన్ మా అనే విద్యార్థి చనిపోయాడు. అదే వారంలో పోలీసు వ్యానులో కుక్కిన 41 మంది ఊపిరాడక మరణించారు. ఆ సంగతిని ప్రభుత్వం జూలై దాకా ఒప్పుకోలేదు. జూలై 23న నే విన్ రాజీనామా ప్రకటించి, బహుళ పార్టీ విధానం మీద ప్రజాభిప్రాయ సేకరణ జరపాలన్నాడు. అదే ప్రసంగంలో, సైన్యం కాలిస్తే బెదిరించడానికి గాలిలోకి కాల్చదు, తగిలేలా కాలుస్తుందని హెచ్చరించాడు. ఆగస్టు 8న, ఎనిమిది గంటల ఎనిమిది నిమిషాలకు రేవు కార్మికులు పని ఆపి బయటికి నడవడంతో దేశవ్యాప్త సమ్మె మొదలైంది. నాలుగు ఎనిమిదుల ఆ ఉద్యమాన్ని అణచడంలో సుమారు మూడు వేలమంది చనిపోయారన్నది విస్తృతంగా ఉన్న అంచనా. సెప్టెంబరు 18న సైన్యం మళ్లీ నేరుగా అధికారం తీసుకుంది. పద్దెనిమిదిలో కూడా తొమ్మిదిని వెతికినవాళ్లు ఉన్నారు. కారణాలు తెలియని జనానికి మిగిలింది అంకెల్లో వెతకడమే.

నే విన్ 2002 డిసెంబరు 5న, తాను పెంచిన సైన్యమే విధించిన గృహనిర్బంధంలో మరణించాడు. అల్లుడూ మనుమలూ కుట్ర నేరం మీద అప్పటికే జైల్లో ఉన్నారు. కొన్ని గంటల్లోనే దహనం ముగిసింది, చితాభస్మాన్ని నదిలో కలిపారు. 45, 90 క్యాట్ల నోట్లు ఇవాళ సేకరణ చేసేవాళ్ల ఆల్బముల్లో కనిపిస్తాయి. జాతీయకరణ చట్టాలు పోయాయి, వీసా నిబంధనలు మారాయి.

పోనిది మరొకటుంది, దాన్ని వింత విధానాల జాబితాలో ఎవరూ రాయరు. 1982 అక్టోబరు 15న నే విన్ ప్రభుత్వం తెచ్చిన పౌరసత్వ చట్టం, 1823కు ముందు నుంచీ ఆ గడ్డ మీద ఉన్న జాతులవాళ్లనే పుట్టుకతో పూర్తి పౌరులుగా గుర్తించింది. మొదటి ఆంగ్ల-బర్మా యుద్ధం 1824లో మొదలైంది. అంటే బ్రిటిష్ పాలనలో వచ్చిన ప్రతి కుటుంబమూ గీతకు అవతలే. ఏ జాతి స్థానికమో నిర్ణయించే అధికారం ప్రభుత్వానిదే. మిగతావాళ్లను సహ పౌరులు, సహజీకృత పౌరులు అని రెండు తరగతులు చేసి, వాళ్ల హక్కులు తగ్గించి, అవసరమైతే ఆ పౌరసత్వాన్ని రద్దు చేసే వీలు ఉంచుకున్నారు. బయటి మూలాలున్నవాళ్లను వెళ్లగొట్టలేకపోయినా ముఖ్యమైన పదవుల్లో నమ్మలేమని నే విన్ తన ప్రసంగంలోనే విడమరిచి చెప్పాడు. ఈ ఒక్క విషయంలో మాత్రం కారణం దాచుకోలేదు. రఖైన్ రాష్ట్రంలోని రోహింగ్యాలు ఆ చట్టం నీడలో దేశంలేనివాళ్లయ్యారు. 2017లో సైనిక చర్య నుంచి తప్పించుకుని ఏడు లక్షలమందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. 1964లో ఓడ ఎక్కకుండా అక్కడే ఉండిపోయిన తెలుగు, తమిళ కుటుంబాల మనుమలు గుర్తింపు కార్డు కోసం వెళ్తే, తాత 1948 జనవరి 4కు ముందే ఆ దేశంలో ఉన్నాడని చూపే కాగితం అడుగుతారు. పూర్తి పౌరులకు గులాబీ రంగు కార్డు, సహ పౌరులకు నీలం, సహజీకృతులకు ఆకుపచ్చ.